వాహనంలో పాట: రేడియో నుంచి ఫోన్ దాకా ధ్వని నాణ్యత చరిత్ర

1.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• వాహనంలో వినే సాధనాలు ఏ క్రమంలో మారాయో వివరించగలుగుతారు.
• వెంట తీసుకుపోయే ప్లేయర్‌ను వాహనం స్టీరియోకు కలిపే పద్ధతుల గుణదోషాలను పోల్చగలుగుతారు.
• ధ్వని నాణ్యత ఎక్కడ, ఎందుకు తగ్గుతుందో గుర్తించగలుగుతారు.
• మీ పరిసరాల్లోని ఒక పాత వాహనాన్ని చారిత్రక ఆధారంగా పరిశీలించగలుగుతారు.

1.1 ప్రస్తావన

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలో లక్డారం ఒక గ్రామం. ఆ పరిసరాల్లో రాతి గుట్టలు, క్వారీలు, కంకర మిషన్లు ఉన్నాయి. అక్కడ కంకర నింపుకున్న టిప్పర్లు 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి హైదరాబాదు వైపో, జహీరాబాదు వైపో సాగిపోతాయి. పూర్వం ఈ రహదారినే 9వ నంబరు రహదారి అనేవారు. ఇదే దారిలో పటాన్‌చెరు పారిశ్రామికవాడకు షిఫ్టు పనివారిని తీసుకుపోయే బస్సులు, ఆటోలు, కార్లు కూడా తిరుగుతాయి.

ఈ వాహనాల్లో దేనిలో ఎక్కినా ఏదో ఒక పాట వినిపిస్తుంది. ఒకరు పెన్‌డ్రైవ్ పెడతారు, ఒకరు ఫోన్‌ను బ్లూటూత్‌తో కలుపుతారు, పాత బండి ఉన్నవారు ఆక్స్ వైరు వాడతారు. మీలో కొందరు డ్యూటీకి పోతూ పాఠాల ఆడియో కూడా ఇలాగే వింటూ ఉండవచ్చు. ఇంట్లో ఇయర్‌ఫోన్‌లో స్పష్టంగా వినిపించిన పాట, బండిలో పెట్టగానే గరగరలాడటం, లేదా మాటలు కలిసిపోయి వినిపించటం మీ అందరికీ అనుభవమే.

దీనికి కారణం స్పీకర్లు మంచివి కాకపోవటమేనని చాలామంది అనుకుంటారు. ఆ మాటలో కొంతే నిజం ఉంది. అసలు కారణం తెలియాలంటే సుమారు తొంభై ఏళ్ల చరిత్రను చూడాలి. పాట వినిపించే సాధనాలు త్వరత్వరగా మారాయి. వాహనాలు అంత త్వరగా మారలేదు. ఒక ప్లేయర్‌ను మనం మూడు నాలుగేళ్లు వాడితే, ఒక బండిని పదిహేనేళ్లు కూడా వాడతాం. కాబట్టి ప్రతి తరంలోనూ కొత్త ప్లేయర్‌ను పాత బండికి కలపవలసి వచ్చింది. ఈ కలిపే చోటును ఈ పాఠంలో 'లంకె' అందాం. వాహనంలో ధ్వని నాణ్యత చరిత్ర చాలా వరకు ఈ లంకె చరిత్రే.

1.2 రేడియో దశ: లంకె అవసరం లేని కాలం

అమెరికాలో పాల్ గాల్విన్ నడిపిన సంస్థ 1930లో 'మోటరోలా' అనే పేరుతో కారు రేడియోను అమ్మకానికి తెచ్చింది. ఆనాటి రేడియోలు వాల్వులతో పనిచేసేవి. వాల్వులకు ఎక్కువ వోల్టేజి కావాలి, కారు బ్యాటరీ ఇచ్చేది తక్కువ. అందుకని బ్యాటరీ విద్యుత్తును మార్చే అదనపు పరికరం అమర్చవలసి వచ్చింది. ఇంజను స్పార్క్ ప్లగ్గుల నుంచి పుట్టే గరగర కూడా రేడియోలో వినిపించేది. వాహనంలోని విద్యుత్తే ధ్వనిని పాడుచేయటం అనే సమస్య ఆనాడే మొదలయింది. నేడు ఫోన్‌ను ఛార్జింగ్‌కు పెట్టగానే స్టీరియోలో వినిపించే కూత కూడా ఈ కోవలోనిదే.

మన ప్రాంతంలో నిజాం ప్రభుత్వ ఆధ్వర్యంలో దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న ప్రసారాలు ప్రారంభించింది. 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. హైదరాబాదు కేంద్రం మీడియం వేవ్ ప్రసారం చాలా దూరం వినిపిస్తుంది, అది దాని బలం. అయితే మీడియం వేవ్‌లో ఒక స్టేషన్‌కూ మరో స్టేషన్‌కూ మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్ మాత్రమే. అందువల్ల వినిపించే ధ్వని సుమారు 4.5 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. మనిషి చెవి 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా వినగలదు. వార్తలకు, ప్రసంగాలకు మీడియం వేవ్ సరిపోతుంది. కానీ పాటలో తాళాల మోత, వేణువులోని ఊపిరి మొద్దుబారిపోతాయి.

ఈ దశలో వినిపించేది, వినేది ఒకే పెట్టె. కాబట్టి లంకె సమస్య లేదు. అలాగే ఏ పాట వినాలో నిర్ణయించే అధికారం కూడా శ్రోతకు లేదు.

1.3 క్యాసెట్ దశ: శ్రోత చేతికి వచ్చిన పాట

కోరిన పాటను బండిలో వినాలన్న కోరిక పాతదే. 1956 మోడల్ క్రైస్లర్ కార్లలో చిన్న గ్రామఫోన్ కూడా పెట్టి చూశారు. రోడ్డు కుదుపులకు రికార్డు మీద ముల్లు నిలవటం కష్టం, పైగా దానికోసం ప్రత్యేకమైన రికార్డులు కొనవలసి వచ్చేది. ఆ ప్రయత్నం ఎంతో కాలం సాగలేదు.

ఫిలిప్స్ సంస్థ 1963లో కాంపాక్ట్ క్యాసెట్‌ను ప్రవేశపెట్టింది. లూ ఓటెన్స్ అనే ఇంజనీరు నాయకత్వంలో ఇది తయారయింది. దీనికి కుదుపుల భయం తక్కువ, జేబులో పడుతుంది, ఇంట్లోనే రికార్డు చేసుకోవచ్చు. కానీ టేపు సన్నది, కదిలే వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు మాత్రమే. స్టూడియోల్లో వాడే పెద్ద టేపు సెకనుకు 38 సెంటీమీటర్లు కదిలేది. వేగం తగ్గేకొద్దీ సన్నని శబ్దాలు సరిగా నమోదు కావు, 'హిస్స్' అనే నేపథ్య ధ్వని పెరుగుతుంది. ఈ హిస్స్‌ను తగ్గించటానికే 1968లో డాల్బీ బి పద్ధతి వచ్చింది.

భారతదేశంలో 1980లలో క్యాసెట్ పెద్ద మార్పు తెచ్చింది. అంతవరకు పాటల వ్యాపారం కొద్ది గ్రామఫోన్ రికార్డు సంస్థల చేతిలో ఉండేది. క్యాసెట్ చవక, నకలు తీయటం తేలిక. అందువల్ల సినిమా పాటలతో పాటు జానపద గేయాలు, భక్తి గీతాలు, ప్రాంతీయ భాషల పాటలు ఊరూరా చేరాయి. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఏర్పడింది. అది రేడియో పాఠాలను, ఆడియో క్యాసెట్లను బోధన సాధనాలుగా స్వీకరించింది. 1983 డిసెంబరులో మారుతి 800 విడుదలతో కారు మధ్యతరగతికి కొంత దగ్గరయింది. పటాన్‌చెరు చుట్టూ పరిశ్రమలు పెరిగి రహదారి మీద లారీల రాకపోకలు ఎక్కువైంది కూడా ఈ దశాబ్దాల్లోనే. లారీ డ్రైవర్‌కు దూర ప్రయాణంలో క్యాసెట్ ప్లేయరే తోడు.

ఆనాడు నాణ్యతను కాపాడుకునే మార్గాలు మూడు. మొదటిది, ప్లేయర్ హెడ్‌ను స్పిరిట్‌తో తడిపిన దూదితో తుడవటం. దుమ్ము రోడ్లపై తిరిగే బండికి ఇది మరీ ముఖ్యం. రెండవది, హెడ్ టేపుకు వంకరగా తగలకుండా దాని స్క్రూను సరిచేయటం. హెడ్ ఏమాత్రం వాలినా సన్నని శబ్దాలు ముందు పోతాయి. మూడవది, క్యాసెట్లను ఎండలో డాష్‌బోర్డు మీద వదిలివేయకపోవటం.

మీ అభ్యసన ప్రగతిని సరిచూసుకోండి - 1
1. మీడియం వేవ్ ప్రసారంలో సంగీతం ఎందుకు మొద్దుబారినట్లు వినిపిస్తుంది?
2. క్యాసెట్ టేపు వేగానికీ ధ్వని నాణ్యతకూ ఉన్న సంబంధం ఏమిటి?

1.4 వెంట నడిచే ప్లేయర్, మొదటి లంకెలు

సోనీ సంస్థ 1979 జులై 1న జపాన్‌లో వాక్‌మన్‌ను విడుదల చేసింది. పాట వినే సాధనం అంతటితో మనిషి ఒంటి మీదికి వచ్చింది. 1982లో కాంపాక్ట్ డిస్క్, 1984లో జేబు సీడీ ప్లేయర్ వచ్చాయి. సీడీలో హిస్స్ లేదు, ధ్వని 20 కిలోహెర్ట్జ్ దాకా ఉంటుంది. కానీ బండ్లలో ఉన్నవి క్యాసెట్ స్టీరియోలే. కొత్త ప్లేయర్‌కూ పాత బండికీ మధ్య ఎడం స్పష్టంగా కనిపించింది ఇక్కడే.

ఈ ఎడాన్ని పూడ్చటానికి 1980లలో 'క్యాసెట్ అడాప్టర్' వచ్చింది. ఇది చూడటానికి క్యాసెట్ లాగే ఉంటుంది, లోపల టేపు ఉండదు. టేపు ఉండవలసిన చోట ఒక చిన్న అయస్కాంత హెడ్ ఉంటుంది. దాని నుంచి ఒక వైరు వచ్చి ప్లేయర్ ఇయర్‌ఫోన్ రంధ్రంలో చేరుతుంది. అడాప్టర్ హెడ్, స్టీరియో హెడ్ ఎదురెదురుగా తాకుతాయి. ప్లేయర్ సంకేతం అయస్కాంత క్షేత్రంగా మారి స్టీరియోకు అందుతుంది. రెండు హెడ్లు సరిగ్గా ఎదురుగా ఉంటే ధ్వని బాగానే వస్తుంది. ఏమాత్రం జరిగినా ఒక వైపు స్పీకర్ మందగిస్తుంది.

ఇక్కడే మరో సమస్య తలెత్తింది, అది నేటికీ ఉంది. ఇయర్‌ఫోన్ రంధ్రం చెవికి వినిపించటానికి తయారయింది, మరో యంత్రానికి సంకేతం ఇవ్వటానికి కాదు. ప్లేయర్ శబ్దం మరీ తగ్గిస్తే స్టీరియో శబ్దం పెంచవలసి వస్తుంది, దానితో పాటు గరగర కూడా పెరుగుతుంది. ప్లేయర్ శబ్దాన్ని చివరిదాకా పెంచితే కొన్ని పరికరాల్లో సంకేతం తెగి, గొంతు పగిలినట్లు వినిపిస్తుంది. అందుచేత ప్లేయర్‌ను చివరికి కొంచెం తక్కువగా ఉంచి, మిగిలిన పెంపు స్టీరియోలో చేయటం మంచిది.

1.5 ఎంపీ3, ఎఫ్‌ఎం లంకె

ఎంపీ3 పద్ధతి 1993లో అంతర్జాతీయ ప్రమాణంగా ప్రచురితమైంది. మనిషి చెవి పట్టించుకోని వివరాలను వదిలివేసి ఫైలును చిన్నది చేయటం దీని సూత్రం. ఒక లెక్క చూడండి. సీడీలో సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లు ఉంటాయి. ఐదు నిమిషాల పాటకు దాదాపు 53 మెగాబైట్లు అవుతుంది. అదే పాట సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ3గా మారితే 5 మెగాబైట్ల లోపే. 2001 అక్టోబరులో వచ్చిన ఐపాడ్ వంటి ప్లేయర్లకు ఈ పొదుపే ఆధారం.

అయితే పొదుపుకు ఒక హద్దు ఉంది. 64 కిలోబిట్లకు కుదించిన పాటలో తాళాల మోత నీటి బుడగల్లా వినిపిస్తుంది. ఒకసారి పోయిన వివరం మళ్లీ రాదు. 64 కిలోబిట్ల ఫైలును 320కి మార్చితే ఫైలు పెద్దదవుతుంది, పాట బాగుపడదు.

క్యాసెట్ గానీ వైరు రంధ్రం గానీ లేని బండ్ల కోసం 'ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్' వచ్చింది. సిగరెట్ లైటర్ రంధ్రంలో పెట్టే ఈ చిన్న పరికరం ఫోన్‌లోని పాటను ఎఫ్‌ఎం సంకేతంగా పంపుతుంది, బండి రేడియో దానిని అందుకుంటుంది. ఎఫ్‌ఎంలో ధ్వని సుమారు 15 కిలోహెర్ట్జ్ దాకా వస్తుంది. మీడియం వేవ్ కంటే ఇది ఎంతో మేలు.

దీని ఇబ్బంది సాంకేతికమైనదే కాదు, చారిత్రకమైనది కూడా. భారతదేశంలో ఎఫ్‌ఎం ప్రసారం 1977లో మద్రాసులో మొదలైంది. ప్రైవేటు ఎఫ్‌ఎం 2001లో బెంగళూరులో, 2006లో హైదరాబాదులో వచ్చింది. స్టేషన్లు పెరిగేకొద్దీ 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ఖాళీ జాగా తగ్గింది. చిన్న ట్రాన్స్‌మిటర్ బలం పెద్ద స్టేషన్ ముందు ఆగదు. పటాన్‌చెరు దగ్గర నగరం స్టేషన్లు గట్టిగా అందుతాయి. జహీరాబాదు వైపు పోయేకొద్దీ అవి బలహీనపడతాయి. కాబట్టి ట్రాన్స్‌మిటర్ వాడేవారు ముందుగా బండి రేడియోను తిప్పి, స్టేషన్ లేని చోటును, ఇరుగుపొరుగున కూడా స్టేషన్ లేని చోటును ఎంచుకోవాలి. ఊరు మారితే బండి ఆపి మళ్లీ వెతుక్కోవాలి.

1.6 ఆక్స్, యూఎస్‌బీ, బ్లూటూత్

2000 తరువాతి దశాబ్దంలో స్టీరియో ముందు భాగంలోనే ప్లేయర్‌కు చోటు దొరకటం మామూలయింది. స్టీరియోల కొలతకు అప్పటికే ఒక ప్రమాణం ఉంది. వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50 మిల్లీమీటర్లు. కారు ఎలక్ట్రీషియన్లు 'సింగిల్ డిన్' అనేది దీనినే. 'డిన్' అనేది జర్మనీ ప్రమాణ సంస్థ పేరు. ఈ ప్రమాణం ఉండటం వల్లనే ఒక పాత బండిలో క్యాసెట్ స్టీరియో తీసి, అదే రంధ్రంలో కొత్తది పెట్టగలుగుతున్నాం. అయితే నేటి భారీ టిప్పర్లలో ఎక్కువగా 24 వోల్టులు ఉంటాయి, కార్లలో 12 వోల్టులు. కారు స్టీరియోను టిప్పర్‌లో పెట్టాలంటే మధ్యలో వోల్టేజి తగ్గించే పరికరం తప్పనిసరి.

ఆక్స్ వైరు: సంకేతం వైరు గుండా నేరుగా స్టీరియోకు పోతుంది. అడాప్టర్ కంటే, ట్రాన్స్‌మిటర్ కంటే ఇది శుభ్రమైన లంకె. కానీ ఫోన్‌ను బండిలోనే ఛార్జింగ్ పెట్టి, ఆక్స్ కూడా కలిపితే కొన్నిసార్లు 'కుయ్' అనే కూత వస్తుంది. ఇంజను వేగం పెరిగితే కూత కూడా సన్నబడి పెరుగుతుంది. ఫోన్ నుంచి బండి బాడీకి రెండు దారులు ఏర్పడి, ఆల్టర్నేటర్ విద్యుత్తులోని హెచ్చుతగ్గులు పాటలో కలవటం దీనికి కారణం. ఛార్జింగ్ తీసివేస్తే కూత ఆగుతుంది. రెండూ కావాలంటే ఆక్స్ వైరు మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఐసోలేటర్ పెట్టాలి.

యూఎస్‌బీ: పెన్‌డ్రైవ్‌లోని పాట అంకెల రూపంలోనే స్టీరియోకు చేరుతుంది. అంకెలను ధ్వని సంకేతంగా మార్చే పని స్టీరియో చేస్తుంది. దారిలో గరగర చేరే అవకాశం చాలా తక్కువ.

బ్లూటూత్: స్టీరియో పాటలను పంపే పద్ధతి 2003లో ప్రమాణంగా వచ్చింది. ఇందులో ఫోన్ పాటను మరొకసారి కుదించి పంపుతుంది. అంటే ఎంపీ3 పాట రెండుసార్లు కుదింపుకు గురవుతుంది. అసలు ఫైలు మంచిదైతే కదిలే బండిలో ఈ తేడా పెద్దగా తెలియదు. ఫైలు ముందే నాసిరకమైతే లోపం ఇంకా బయటపడుతుంది.

మీ అభ్యసన ప్రగతిని సరిచూసుకోండి - 2
1. ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ నగరం దగ్గర ఎందుకు సరిగా పనిచేయదు?
2. ఆక్స్ వైరులో వినిపించే కూతకు కారణం, పరిష్కారం తెలపండి.

1.7 లంకె బాగుపడినా మిగిలిన సమస్య: క్యాబిన్ మోత

ఇప్పటిదాకా చెప్పిన చరిత్రను బట్టి చూస్తే సమస్య తీరిపోవాలి. యూఎస్‌బీ లంకెలో దాదాపు నష్టం లేదు. అయినా లక్డారం నుంచి లోడుతో వచ్చే టిప్పర్‌లో పాట స్పష్టంగా ఎందుకు వినిపించదు?

దీనికి జవాబు యంత్రంలో లేదు, క్యాబిన్‌లో ఉంది. ఇంజను, టైర్లు, గతుకుల రోడ్డు చేసే మోతలో తక్కువ పౌనఃపున్యాల పాలు ఎక్కువ. ఇలాంటి లావు శబ్దం దానికంటే సన్నని శబ్దాలను కప్పివేస్తుంది. దీనిని శాస్త్రంలో 'ఆచ్ఛాదన' అంటారు. తెలుగు మాటను గుర్తుపట్టటానికి స, శ, త, క, ప వంటి హల్లులు ముఖ్యం. వాటి శక్తి తక్కువ, స, శ, త వంటివి ఎక్కువ పౌనఃపున్యాల్లో ఉంటాయి. అందుకే మోతలో రాగం తెలుస్తుంది గానీ మాట తెలియదు. పాట అయితే ఫరవాలేదు. పరీక్ష కోసం వినే పాఠమైతే నష్టమే.

మాట తెలియకపోతే ఎవరైనా శబ్దం పెంచుతారు. ఎక్కువమంది 'బేస్' కూడా పెంచుతారు. బేస్ పెంచటం వల్ల ఆచ్ఛాదన ఇంకా పెరుగుతుంది, మళ్లీ శబ్దం పెంచవలసి వస్తుంది. ఇలా పెంచిన శబ్దానికి మూల్యం చెవి చెల్లిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 2019లో వెలువరించిన ప్రమాణం ప్రకారం పెద్దలు 80 డెసిబెల్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. ప్రతి 3 డెసిబెల్ పెరుగుదలకు ఆ సమయం సగమవుతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10 గంటలు, 89 అయితే 5 గంటలు. రోజుకు పది గంటలు బండిలో ఉండే డ్రైవర్‌కు ఈ హద్దు ఎంత త్వరగా దాటిపోతుందో మీరే లెక్క వేయండి. అతని విషయంలో క్రషర్ మోత, ఇంజను మోత ముందే చెవిలో చేరి ఉన్నాయి. పాట వాటికి పైన చేరుతుంది. ఇలా దెబ్బతిన్న లోపలి చెవి కణాలు తిరిగి పుట్టవు.

కాబట్టి వాహనంలో నాణ్యత పెంచటం అంటే శబ్దం పెంచటం కాదు. తక్కువ శబ్దంలోనే మాట తెలిసేలా చేయటం. ఈ తేడాను గుర్తించటమే ఈ పాఠ్యభాగంలో ముఖ్యమైన అంశం.

1.8 చరిత్ర నుంచి ఆచరణకు

పై చర్చ ఆధారంగా కింది క్రమాన్ని పాటించవచ్చు. ఖర్చు లేనివి ముందు, ఖర్చుతో కూడినవి తరువాత ఉన్నాయి.

(అ) ఫైలు: 128 కిలోబిట్లకు తగ్గని పాటను, వీలైతే 256 లేదా 320 కిలోబిట్ల పాటను వాడండి. మాటల పాఠానికి ఇంతకన్నా తక్కువ సరిపోతుంది.
(ఆ) లంకె: ముందు యూఎస్‌బీ, తరువాత ఆక్స్ లేదా బ్లూటూత్, ఆ తరువాత క్యాసెట్ అడాప్టర్, చివరిగా ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్.
(ఇ) స్థాయి: ఫోన్ శబ్దం చివరికి కొంచెం తక్కువగా, మిగతాది స్టీరియోలో.
(ఈ) బేస్: మాట వినేటప్పుడు బేస్ తగ్గించండి. మాట తేలుతుంది.
(ఉ) మోత: కిటికీ అద్దాలు ఎక్కించటం, అరిగిన తలుపు రబ్బర్లు మార్చటం, వదులైన తలుపు పలకలను బిగించటం. కొత్త స్పీకర్ల కంటే ముందు చేయవలసిన పని ఇది.
(ఊ) స్పీకర్లు: పైవన్నీ చేసిన తరువాత కూడా అవసరమైతేనే. స్పీకర్ల వైర్లలో ప్లస్, మైనస్ తారుమారైతే బేస్ మాయమవుతుంది. ముందు అది సరిచూడండి.

బండి నడిపేటప్పుడు చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకోవటం దీనికి ప్రత్యామ్నాయం కాదు. వెనుక వచ్చే బండి హారన్ వినిపించకుండా పోతుంది. ఫోన్‌లో పాట మార్చటం బండి ఆపిన తరువాతే.

1.9 సారాంశం

వాహనంలో పాట 1930లలో రేడియోతో స్థిరపడింది. క్యాసెట్ ఎంపికను శ్రోత చేతికి ఇచ్చింది. వాక్‌మన్, సీడీ, ఎంపీ3 ప్లేయర్లు త్వరగా మారగా, వాహనాలు నెమ్మదిగా మారాయి. ఆ ఎడాన్ని పూడ్చటానికి అడాప్టర్, ట్రాన్స్‌మిటర్, ఆక్స్, యూఎస్‌బీ, బ్లూటూత్ వచ్చాయి. ఫైలు, లంకె, స్టీరియో, స్పీకర్, క్యాబిన్, చెవి అనే వరుసలో ఏది బలహీనమైతే నాణ్యత అక్కడికే పరిమితమవుతుంది. నేడు లంకె చాలా వరకు బాగుపడింది. క్యాబిన్ మోత, దానితో పోటీపడే చెవి మిగిలాయి. లక్డారం దారిలో ఒక టిప్పర్ డ్రైవర్ పదేళ్ల తరువాత కూడా తన పిల్లల మాట స్పష్టంగా వినగలగటం, నేడు అతను స్టీరియోను ఎంతలో పెట్టుకుంటాడన్న దాని మీద కూడా కొంత ఆధారపడి ఉంది.

1.10 ముఖ్య పదాలు

లంకె: ప్లేయర్‌ను వాహనం స్టీరియోకు కలిపే పద్ధతి.
పౌనఃపున్యం: సెకనుకు కలిగే కంపనాల సంఖ్య. ప్రమాణం హెర్ట్జ్.
ఆచ్ఛాదన: ఒక శబ్దం మరొక శబ్దాన్ని వినిపించకుండా కప్పివేయటం.
డెసిబెల్: ధ్వని స్థాయిని కొలిచే ప్రమాణం.

1.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. వాహనంలో పాట వినే సాధనాల పరిణామాన్ని వివరించండి.
2. "వాహనాలు నెమ్మదిగా, ప్లేయర్లు త్వరగా మారాయి." ఈ వాక్యాన్ని ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. క్యాసెట్ అడాప్టర్ పనిచేసే విధానం.
2. క్యాబిన్ మోత వల్ల మాట స్పష్టత తగ్గటానికి కారణాలు.

III. క్షేత్ర కృత్యం
మీ ఊరిలో పదేళ్లు దాటిన ఒక బండిని, యజమాని అనుమతితో పరిశీలించండి. డాష్‌బోర్డులో ఏ తరం స్టీరియో ఉంది? దానికి తరువాత ఏ లంకెలు తగిలించారు? ఏ వైర్లు వాడకుండా మిగిలిపోయాయి? ఆ బండి నడిపిన వారిని అడిగి, ఏ ఏడాదిలో ఏం మార్చారో వరుసగా రాయండి. అది మీరు రాసిన ఒక చిన్న స్థానిక చరిత్ర అవుతుంది.